తొమ్మిదో మడత

మేనేజరు గారికి,

నమస్కారం. మన ప్రెస్సులో ప్రూఫులు దిద్దే నేను ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే నా క్లోమగ్రంథి వాచింది. ఆ మాత్రల వల్లేనని ఎంత మొత్తుకున్నా, డాక్టరు గారు పెట్టెలోని కాగితాన్ని భూతద్దం పెట్టి చదివి, "ఇందులో ఆ ముక్క లేదే" అని ఇంకో మాత్ర మింగించారు.

ఆ కాగితం మన ప్రెస్సులో వేసిందే, ఆ ముక్క కొట్టేసింది నేనే. కాగితానికి తొమ్మిదో మడత పడుతోందని, "పదివేలమందిలో ఒక్కడికొచ్చే నొప్పికి ఇంత చోటెందుకయ్యా" అని మీరంటే నాకూ సబబే అనిపించింది.

డాక్టరు గారు అచ్చులో ఉంటేనే నమ్ముతారట. దయచేసి ఆ వాక్యం చేర్చి కాగితం మళ్లీ వేయించి, రేపు పొద్దుటి మాత్రలోపు పంపండి. పదివేలు అక్కర్లేదండి, ఒక్క కాపీ చాలు.

ఇట్లు,
ఆ ఒక్కడు