పాడితే పాయింటు కట్

జూన్ 3, మంగళవారం

స్పీచ్ థెరపిస్టు రోజుకు నాలుగు గంటలు నోరు మూసుకోమంది. మాట్లాడాలనిపిస్తే కాగితం మీద రాసుకోమంది. అందుకని ఈ డైరీ. దీన్ని ఎవరూ చదవనక్కరలేదు.

థైరాయిడ్ ఆపరేషన్ అయి తొమ్మిది వారాలు. గడ్డ తీసేశారు, మంచిదే. తీసేటప్పుడు కుడివైపు నరం దెబ్బతింది. ఆ వైపు వోకల్ కార్డ్ కదలడం లేదు. నోరు తెరిస్తే సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు వస్తోంది నా గొంతు. పందొమ్మిదేళ్ళు ఆర్కెస్ట్రాలో పాడాను. ఒక్కో ప్రోగ్రాముకి ఇరవై, ఇరవై రెండు పాటలు. ఇప్పుడు పక్క గదిలో ఉన్న మొగుణ్ణి పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొడుతున్నాను.

నరం కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు, ఆగస్టులో చూద్దాం అన్నాడు డాక్టరు. మాటలు ఎలాగూ ఉంటాయి, పాట మీద మాత్రం ఆశ పెట్టుకోకమ్మా అన్నాడు. నా ఆశ నేను పెట్టుకోవడానికి ఈయన పర్మిషన్ ఎవరడిగారు?

జూన్ 5

ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు నా చోట్లో కొత్తమ్మాయిని తీసుకున్నారు. మా ఆయన చెప్పలేదు. పోస్టరు మీద చూశాను.

జూన్ 6

మా ఆయన అదే ఆర్కెస్ట్రాలో కీబోర్డు. ఆ అమ్మాయి పక్కనే నిలబడి వాయిస్తారు. ఎందుకు చెప్పలేదని కాగితం మీద రాసి ఆయన కంచం పక్కన పెట్టాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు అన్నారు. పోస్టరు మీద చూస్తే బాధ ఉండదనుకున్నారు కాబోలు.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఇంట్లో కీబోర్డు ప్లగ్గు పెట్టడం లేదు. ప్రాక్టీసుకి మాస్టారింటికి పోతున్నారు. నా ముందు వాయిస్తే నాకు ఏడుపొస్తుందట. ఇంట్లో ఎవరో పోయినట్టు అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నారు. నాకు ఏడుపు రావడం లేదు. ఒళ్ళు మండుతోంది.

జూన్ 11, మధ్యాహ్నం మూడు

లైబ్రరీకి వెళ్ళాను. నోరు మూసుకోవలసిన చోటు అదొక్కటే కదా, అక్కడైతే నేనూ అందరిలాంటిదాన్నే.

లైబ్రేరియన్ మేడమ్ నన్ను గుర్తుపట్టింది. రీడింగ్ హాలుకి రోజూ పదకొండు మంది వస్తున్నారట, అందులో నలుగురు ఫ్యాను కోసమట. ఆదివారం ఏదైనా పెడితే జనం వస్తారు, పాత హిట్ పాటల సాహిత్యం మీద క్విజ్ పెట్టండి, మీకంటే ఎవరికి తెలుసు అంది. నా గొంతు సంగతి రాసి చూపించాను. అదే మంచిదమ్మా అంది. పక్క గదిలో పిల్లలు పరీక్షలకి చదువుకుంటుంటారు, మైకు కుదరదు, పాడటం అసలు కుదరదు, మీరు మెల్లగా చదవండి చాలు అంది.

ఈ పది వారాల్లో నా గొంతు సంగతి తెలిసి మంచిదే అన్న మొదటి మనిషి.

జూన్ 15, ఆదివారం

తొమ్మిది మంది వచ్చారు. రిటైరైన బస్సు కండక్టరు గారు, పళ్ళ డాక్టరమ్మ, ఒక టైలరు, మిగతావాళ్ళు పేపరు చదవడానికొచ్చి ఇరుక్కుపోయినవాళ్ళు. రెండు టీములు చేశాను. నేను ఒక లైను చదువుతాను, వాళ్ళు తర్వాతి లైను చెప్పాలి. పిల్లలాట అనుకున్నాను. అరగంటలో అయిపోతుందని యాభై లైన్లు రాసుకెళ్ళాను.

మొదటి లైను చదివాను. అందరికీ తెలిసిన పాటే. పుట్టిన ప్రతివాడూ పాడుకున్న పాట. ఎవరూ చెప్పలేదు. తెల్లమొహాలేసుకుని చూశారు. ఇది పాటేనా అన్నారు కండక్టరు గారు.

రాగం లేదు కదా. నా గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. మాటలన్నీ ఒకే మట్టంలో పోతున్నాయి. బట్టలు విప్పేస్తే మనిషిని గుర్తుపట్టలేనట్టు, రాగం తీసేస్తే పాట ఎవరికీ గుర్తుకు రాలేదు. పాపం, పెదాలు కదిలిస్తూ, కాలితో తాళం వేస్తూ, పల్లవి మొదట్నుంచీ మనసులో పాడుకుంటూ వస్తే తప్ప తర్వాతి లైను దొరకడం లేదు. టైలరు గారు ఆగలేక పైకే అందుకున్నారు. పక్క గదిలోంచి ష్ అన్నారు. పాడితే పాయింటు కట్ అన్నాను. ఆ రూలు అక్కడికక్కడే పుట్టింది.

గంటన్నరలో పదిహేడు ప్రశ్నలే అయ్యాయి. కొట్టుకున్నంత పని చేశారు. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను, శబ్దం రాకపోయినా.

జూన్ 22

ఇరవై ఇద్దరు. కొత్త రూలు: వరండాలోకి వెళ్ళి ముప్పై సెకన్లు కూనిరాగం తీసుకుని రావచ్చు. కండక్టరు గారు ఇవాళ ఒక్కరోజే ఆరుసార్లు వెళ్ళారు. టికెట్లు కొట్టిన మనిషి కదా, జనాన్ని తోసుకుంటూ చకచకా పోతారు, తిరిగొస్తారు.

గొడుగు పాటలో గొడుగు ఏ రంగు అని అడిగాను. ఎరుపు అన్నారు ఇరవై ఇద్దరూ. పాటలో రంగే లేదు. తెర మీద చూసినదాన్ని విన్నామనుకుంటున్నారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, ఇంటికెళ్ళి విని వచ్చే వారం నా సంగతి చూస్తానంది. చూడమన్నాను.

జూన్ 29

నలభై మంది. కుర్చీలు చాలలేదు. డాక్టరమ్మ సారీ చెప్పింది.

జూలై 6

రెండో చరణాల రౌండు. పల్లవి లోకమంతటికీ వచ్చు. రెండో చరణం పాడేవాళ్ళకే వచ్చు. ఒక్కరూ ఒక్క పాయింటూ సంపాదించలేదు. సున్నా, సున్నా అని బోర్డు మీద రాస్తుంటే ఎంత హాయిగా ఉందో. నా తల నిండా రెండో చరణాలే. వాటికి ఏ ఆపరేషనూ జరగలేదు.

జూలై 9, బుధవారం

మాస్టారు ఫోన్ చేశారు. ఆర్కెస్ట్రాకి ఇరవై అయిదేళ్ళు నిండుతున్నాయట. ఇరవై ఆరున పెద్ద హాల్లో ప్రోగ్రాము. పాటల మధ్యలో గంటసేపు క్విజ్ పెడదామట. లైబ్రరీ సంగతి విన్నాను చెల్లెమ్మా, అదరగొడుతున్నావటగా అన్నారు. నేను సంతోషపడుతుండగానే అసలు మాట బయటపెట్టారు. ప్రశ్నలు నేను రాసివ్వాలి. అడిగేది కొత్తమ్మాయి, పాడుతూ అడుగుతుంది.

నేనే చదువుతానన్నాను. ఆయన కాసేపు నసిగారు. ఆరు వందల మంది వస్తారు, నీ గొంతు విని జనం జాలిపడతారు, అది నీకెందుకు చెప్పు అన్నారు. ఫోన్ పెట్టేశాను.

జూలై 10

మా ఆయన నా తరఫున సరే అనేశారు. నీకు శ్రమ తగ్గుతుందనే అన్నాను, ముందు వరసలో సోఫా వేయిస్తారు, శాలువా కప్పుతారు అన్నారు. నేను ఇంకా బతికే ఉన్నానని రాసిచ్చాను. అన్నం తినకుండా లేచిపోయారు. అది నేను చేయాల్సిన పని, ఆయన చేశారు.

జూలై 12

కొత్త పోస్టరు. కొత్తమ్మాయి పేరు జానెడు పొడుగు. అడుగున, ప్రింటు చేసినవాడి పేరుకి కాస్త పైన, ప్రశ్నలు అని నా పేరు.

సరే. ప్రశ్నలు రాస్తాను. నలభై అడిగారు, నలభై రాస్తాను. అన్నీ ఒక లైను, తర్వాతి లైను. అచ్చం వాళ్ళడిగినట్టే.

పాడుతూ అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. మొదటి ఆదివారమే తెలిసింది. మాస్టారు నన్ను అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు.

జూలై 17

కొత్తమ్మాయి ఇంటికొచ్చింది. ఇరవై మూడేళ్ళు. నన్ను అక్కా అంది. ప్రశ్నల కాగితం తీసుకుంది, రెండు రాగాల్లో సందేహం ఉందని అడిగింది. చేత్తో గాల్లో ఎత్తూ పల్లమూ చూపించాను, వెంటనే పట్టేసింది. మంచి గొంతు. అబద్ధమెందుకు, చాలా మంచి గొంతు. వెళ్ళేటప్పుడు, మీ చోట్లో నిలబడాలంటే భయమేస్తోందక్కా అంది.

ఈ అమ్మాయికి చెప్పెయ్యాలా? ఇందులో తన తప్పేముంది?

జూలై 18

చెప్పలేదు. నేను గొప్ప మనిషినని ఎప్పుడూ అనలేదు.

జూలై 26, శనివారం, ప్రోగ్రాము అయ్యాక

మర్చిపోకముందే రాయాలి.

నాలుగింటికి మొదలుపెట్టారు. హాలు నిండింది. శాలువా కప్పారు, సోఫాలో కూర్చోబెట్టారు. ఆరు పాటలయ్యాక క్విజ్. డ్రమ్స్, గిటారు వాళ్ళు గంట ఖాళీయే కదా అని బయటికి పోయారు. మా ఆయన మాత్రం కీబోర్డు దగ్గరే ఉన్నారు. స్టేజీ మీద రెండు టీములు.

కొత్తమ్మాయి మొదటి లైను పాడింది. హాయిగా పాడింది. లైను పూర్తికాకముందే ఆరు వందల మందీ తర్వాతి లైను అందుకున్నారు. చప్పట్లు. రెండోదీ అంతే. అయిదో ప్రశ్నకి టీములవాళ్ళు నోరు తెరవడం మానేశారు, హాలంతా చెబుతుంటే ఇంక వాళ్ళెందుకు. పదో ప్రశ్నకి చప్పట్లు తగ్గాయి. ఇరవయ్యో ప్రశ్నకి వెనక వరసలవాళ్ళు ఫోన్లు తీశారు. రాగం వినపడితే పాట దానంతటదే నోట్లోకి వస్తుంది, అందులో తెలుసుకునేదేముంది? నలభై ప్రశ్నలూ పదమూడు నిమిషాల్లో అయిపోయాయి.

ఆ అమ్మాయి కాగితం తిరగేసి చూసింది, వెనకవైపు ఏమైనా ఉందేమోనని. అప్పుడు మాత్రం నాకు సిగ్గేసింది.

మాస్టారు గబగబా దిగి వచ్చి, నా చెవి దగ్గర వంగి, చెల్లెమ్మా, డ్రమ్స్ కుర్రాళ్ళు ఫోనెత్తడం లేదు, త్వరగా ఇంకో ఇరవై రాసిస్తావా అన్నారు. అప్పటికీ రాసిస్తావా అనే అడిగారు.

రాయను, చదువుతాను అన్నాను. శాలువా తీసి ఆయన చేతిలో పెట్టి మెట్లెక్కాను.

మైకు కొత్తమ్మాయే ఇచ్చింది. మాస్టారి వైపు చూడను కూడా లేదు. నేను నమస్కారం అన్నాను. మైకులోంచి బుస్సుమంది హాలంతా. వెనకెవరో నవ్వారు. ఇంకెవరో వినపడట్లేదని అరిచారు. సౌండు చూసే అతను వాల్యూమ్ పెంచాడు, గాలి ఇంకా పెద్దదయింది. దిగిపోదామనిపించింది. పందొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అలా అనిపించలేదు. కీబోర్డు మీద మా ఆయన వేళ్ళు ఆనించి ఉండటం కనిపించింది.

నా గొంతు ఇంతేనన్నాను. ఇది పోయేదీ కాదు, పెరిగేదీ కాదన్నాను. నేను చెప్పేది వినాలంటే మీరు మాట్లాడకూడదన్నాను. పాడితే పాయింటు కట్ అన్నాను. ఒక లైను చదివాను.

ఆ లైను ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. ఒక్కరూ చెప్పలేదు. ఫోన్లు కిందికి దిగాయి. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. ఆరు వందల మంది పెదాలు కదులుతున్నాయి, ఒక్క మాటా బయటికి రావడం లేదు. వెనక వరసలోంచి కండక్టరు గారు లేచి, అలవాటు కొద్దీ, కూనిరాగం తీసుకోవడానికి చకచకా బయటికి పోయారు. హాలంతా నవ్వింది. ఆయన తిరిగొచ్చి జవాబు చెప్పారు. కరెక్టు.

తర్వాత కాగితం లేదు. అంతా తలలోంచే. మాస్టారు స్టేజీ పక్కన నిలబడి, ఉండబట్టలేక, ఒక పాట కూనిరాగం అందుకున్నారు. ఆయన ఏ టీములోనూ లేరు. అయినా మైనస్ ఒకటి వేశాను. బోర్డు మీద పెద్దక్షరాలతో మాస్టారు అని రాసి మరీ వేశాను.

యాభై నిమిషాల్లో పదకొండు ప్రశ్నలు. కుర్రాళ్ళు వచ్చి నిలబడినా జనం వదల్లేదు.

జాలిపడ్డవాళ్ళు లేరని కాదు. బయటికొస్తుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, అయ్యో, ఎలాంటి గొంతు ఎలా అయిపోయింది అంది. పడనీ. ఆవిడ ఒక్కదానికి కూడా జవాబు చెప్పలేదు.

జూలై 27

లైబ్రరీకి కొత్తమ్మాయి వచ్చింది. తెలిసే రాశారా అక్కా అని అడిగింది. తెలిసే రాశాను అన్నాను. వెళ్ళి టైలరు గారి టీములో కూర్చుంది. మూడుసార్లు పాడి మూడు పాయింట్లు పోగొట్టింది.

జూలై 28

మొన్నటి మాట ఇవాళ మా ఆయన్ని అడిగాను. కీబోర్డు మీద వేళ్ళెందుకు పెట్టారని. జనం గట్టిగా నవ్వితే ఆ నవ్వు వినపడకుండా వాయించేద్దామనుకున్నాను అన్నారు. వాయించి ఉంటే ఆ క్షణమే విడాకులని చెప్పాను. ఇంట్లో ప్లగ్గు పెట్టమన్నాను. పెట్టారు. వాయిస్తుంటే ఏడుపొచ్చింది. ఆయన అన్నట్టే. ఆపబోయారు. ఆపితే ఊరుకోనన్నాను.

ఆగస్టు 5

డాక్టరు ముక్కులోంచి కెమెరా దింపి చూశాడు. నరం కోలుకోలేదు. ఇంక కోలుకోదు. ఇంజెక్షన్ చేస్తే మాట కాస్త గట్టిపడుతుందట, పాట మాత్రం రాదట. నేల చూస్తూ చెప్పాడు. నా మొహం చూసి చెప్పమన్నాను. చూసి, మళ్ళీ చెప్పాడు.

ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ధైర్యంగా ఉన్నానని రాసుకుంటే ఈ పుస్తకం కూడా అబద్ధమే అవుతుంది. పాట పోయింది. పాట పోయింది. రెండుసార్లు రాశాను, అలవాటవ్వాలని.

ఆగస్టు 6

మాస్టారు ఫోన్. సెప్టెంబరులో ఇంకో ప్రోగ్రాము, జనం క్విజ్ ఆవిడ వస్తుందా అని అడుగుతున్నారట. పోస్టరు మీద నా పేరు కూడా జానెడు ఉండాలన్నాను. సరేనన్నారు. ఆ మైనస్ ఒకటి తీసెయ్యమన్నారు. కుదరదన్నాను.

ఆగస్టు 8, పొద్దున్నే

స్నానాల గదిలో పాడాను. ఆపరేషన్ తర్వాత మొదటిసారి. శ్రుతి లేదు, రాగం లేదు, ఉత్త గాలి. అది ఏ పాటో కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. రెండో చరణం మధ్యలో ఊపిరి చాలక ఆగిపోయాను.

తలుపు బయటినుంచి మా ఆయన తర్వాతి లైను చెప్పారు. పాడలేదు, చెప్పారు.

కరెక్టే.