నవ్య బ్యాగు, పది రూపాయల గుడ్లు

2 జూన్ 2025, సోమవారం. పొద్దున తొమ్మిది

తాతనయ్యాను! మనవరాలికి మూడున్నరేళ్లు. పేరు నవ్య.

కోరుట్ల నుంచి మా బిడ్డ శ్రీలత ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పింది, నవ్వుతూ చెప్పింది, నాకు సగమే అర్థమైంది. దత్తత కాగితాలన్నీ ఓకే అయ్యాయట. శుక్రవారం శిశుగృహ నుంచి పాపను ఇంటికి తెచ్చుకుంటారట. పెళ్లయిన నాటి నుంచి నా బిడ్డ ఎన్ని ఆస్పత్రులు తిరిగిందో, ఎన్ని మొక్కులు మొక్కిందో ఆ రాజన్న దేవుడికే తెలుసు. మరమగ్గాల సాంచాల చప్పుడుకు నా చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. అయినా ఇవాళ "బాపూ" అన్న ఆ పిలుపు ఫోన్ లేకున్నా మా సిరిసిల్ల దాకా వినబడేది.

మా ఇంటామె పోచవ్వకు చెబితే చేతిలో చాట కింద పెట్టి మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఇంకోసారి చెప్పమంది.

సాయంత్రం

పెద్దన్న నర్సయ్యకు చెప్పి రావడానికి పోయాను. ఆయన సంతోషపడలేదు, కోపపడలేదు. చాయ్ అంతా తాగి అప్పుడు అడిగాడు.

"పుట్టిన పిల్లయితే పురుడు జేద్దుము, ఇరవై ఒకటోనాడు తొట్టెల్ల ఏద్దుము. నడిచచ్చే పిల్లకు ఏం జేస్తవు తమ్మీ?"

మనసు చివుక్కుమంది. వస్తూ వస్తూ మా సందు మొదట్లో ప్రకాశ్ ఫ్యాన్సీ స్టోర్ దగ్గర ఆగాను. ఉత్త చేతులతో తాత ఎట్లా పోతాడు?

3 జూన్

ప్రకాశ్ దగ్గర ప్లాస్టిక్ గుడ్లున్నాయి. ఒక్కోటి పది రూపాయలు. లోపల ఒక జంతువు. ఏదో తెరిచేదాకా తెలియదు. ఏమేం రకాలున్నాయో డబ్బా మీద బొమ్మలు వేశారు. పిల్లలు సెట్ పూర్తి చేయాలని వెంటపడి కొంటారట. మూడు తెచ్చాను. నోట్లో పట్టే సైజు కాదు, అది ముందే చూశాను. పరీక్ష చేయనిది పిల్ల చేతికి ఇవ్వను.

ఏనుగు: ఫస్ట్ క్లాస్. తొండం లాగి చూశాను, ఊడలేదు. తడి బట్టతో రుద్దాను, రంగు దిగలేదు. కళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. పది రూపాయలకు ఇంకేం కావాలి!

నెమలి: మొదట బాతు అనుకున్నాను. తోక చూసి మనసు మార్చుకున్నాను. ఆ తోక కొన గుచ్చుకుంటోంది. నెయిల్ కట్టర్‌తో తీసేశాను. ఇప్పుడు నిజంగా బాతే.

నీటి గుర్రం: నోరు తెరిచి ఉంది. లోపల నాలుక కూడా పెట్టారు. చేసినవాడు పుణ్యాత్ముడు.

6 జూన్, శుక్రవారం. కోరుట్ల

వచ్చింది! ఎంత ముద్దుగా ఉందో రాయడం నాకు చేతకాదు. రెండు పిలకలు. వీపు మీద గులాబీ రంగు బ్యాగు. అందరూ ఎత్తుకుంటామన్నారు. ఎవరి దగ్గరికీ పోలేదు. తలుపు పక్క స్టూలు మీద కూర్చుంది. బ్యాగు దించలేదు.

అరచేతిలో ఏనుగు పెట్టి చూపించాను. ఏనుగును చూసింది, నన్ను చూడలేదు. తీసుకుంది. జిప్పు తెరిచి లోపల పెట్టి, జిప్పు మూసి, గట్టిగా పడిందా లేదా అని లాగి చూసింది.

బ్యాగుతోనే నిద్రపోయింది. అల్లుడు వేణు ఒక చేత్తో బ్యాగు బరువు పట్టుకుని ఇంకో చేత్తో జోకొట్టాడు. బంగారం లాంటి అల్లుడు.

8 జూన్

నవ్య మాట్లాడిందని శ్రీలత ఫోన్ చేసింది. పొద్దున్నే లేచి వేణును అడిగిందట, "బండి ఎప్పుడస్తది?" అని.

ఏ బండి బిడ్డా అంటే, నన్ను తీస్కపోయేది అందట.



11 జూన్

ప్రకాశ్ గుడ్డును చెవి దగ్గర ఊపి లోపల ఏముందో చెబుతానంటాడు. ఇది తాబేలు కాకా, రాసిస్త అన్నాడు. నీటి గుర్రం. ఇంకోటి ఊపాడు, ఇది మాత్రం పక్కా అన్నాడు. మళ్లీ నీటి గుర్రం. నీ నొసట అదే రాసుంటే నేనేం జేస్త కాకా అని నవ్వాడు. ఆ తర్వాత నేనే ఏరుకున్నాను.

తాబేలు: డొప్ప నునుపు. వెల్లకిలా పడేసినా తనంతట తనే బోర్లా తిరుగుతుంది. ఎట్లా చేశారో! పది సార్లు పడేసి చూశాను. పోచవ్వ నావైపు అదోలా చూసింది.

కుందేలు: ఒక చెవి పొట్టి. పర్వాలేదు, నాలాగే.

సింహం: జూలు గట్టిది. ముఖం మాత్రం, పెళ్లి భోజనంలో మటన్ చల్లారితే మా పెద్దన్న పెట్టే ముఖం.

15 జూన్, ఆదివారం. కోరుట్ల

ఈసారి నా పక్కనే కూర్చుంది! సింహాన్ని చాలాసేపు చూసింది. తర్వాత అదీ బ్యాగులోకే పోయింది. స్నానానికి పోతే బ్యాగు బాత్రూం గడప దగ్గర కనబడుతూ ఉండాలట. శ్రీలత అల్మారాలో ఒక అర మొత్తం ఖాళీ చేసి కొత్త గౌన్లు సర్దింది. నవ్య వేసుకుంటుంది, విడుస్తుంది, తనవి మాత్రం బ్యాగులోంచి తీయదు.

వంటింట్లో శ్రీలత మెల్లగా అడిగింది.

"బాపూ, బిడ్డ మనింట్ల ఉంటదా?"

ఉంటది అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, పోచవ్వ ఏం కొట్లాట అని వచ్చింది. గట్టిగా అన్నాను గానీ, బస్సెక్కినా నా కళ్ల ముందు ఆ జిప్పే.

19 జూన్

గుడ్లు అయిపోయాయి. సోమవారం వస్తాయంటాడు ప్రకాశ్. ఏ సోమవారమో చెప్పడు.

21 జూన్. జగిత్యాల బస్టాండు

ఆగలేక ఇక్కడిదాకా వచ్చాను. దొరికాయి.

జిరాఫీ: మెడ బాగుంది. కాళ్లు మరీ పొడుగు, నిలబెడితే నిలబడదు. ఒరిగించి పెట్టుకోవాలి.

దుకాణం పక్కన చెక్క సామాన్ల షాపు. అందులో తొట్టెల వేలాడుతోంది, అంచుల మీద చిలకల బొమ్మలు. అక్కడే నిలబడిపోయాను. పెద్దన్న మాటకు ఇన్నాళ్లకు జవాబు దొరికింది. మా ఇంట్లో నవ్య పుట్టింది ఆరో తారీకు శుక్రవారమే కదా. ఇరవై ఒకటో రోజు వచ్చే గురువారం. కొనేశాను!

బస్సులో కండక్టర్ ఎన్నో నెల తాతా అని అడిగాడు. మూడున్నరేళ్లు అన్నాను. తొట్టెలను చూశాడు, నన్ను చూశాడు, టికెట్ కొట్టాడు.

22 జూన్

తొట్టెల చిన్నది. సంతోషంలో కొలత చూడలేదు.

26 జూన్, గురువారం. కోరుట్ల

అయినా కట్టాం. పూలు చుట్టాం. వచ్చిన చుట్టాలు ముందు నవ్వారు. పిల్ల కాళ్లు గడప దాటుతయి అన్నారు. నవ్వనీ. పెద్దన్న కూడా వచ్చాడు! ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొట్టెల పక్కనే కుర్చీ వేయించుకుని, గోడను చూస్తూ కూర్చున్నాడు.

నవ్య వచ్చి అంచు పట్టుకుంది. ఒకసారి ఊపింది. లోపల చెయ్యి పెట్టి మెత్తను తడిమి చూసింది.

తర్వాత బ్యాగు వీపు మీంచి దించింది.

శ్రీలత నా చెయ్యి పట్టుకుంది. జిప్పు తెరుచుకుంది. ఏనుగును పడుకోబెట్టింది. తర్వాత సింహం, తాబేలు, కుందేలు, నెమలి, మూడు నీటి గుర్రాలు, పొద్దున నేనిచ్చిన జిరాఫీ. జిరాఫీ కాళ్లు బయటికి వచ్చాయి. దాన్నేమీ అనలేదు, అట్లాగే ఉండనిచ్చింది. చివరికి పాత గౌను, దువ్వెన, శిశుగృహలో ఆయమ్మ మడిచి పెట్టిన తువ్వాలు. బ్యాగును బోర్లించి దులిపింది. తువ్వాలు అందరికీ కప్పి ఊపడం మొదలుపెట్టింది.

తొట్టెలలో వేశాక చెవిలో పేరు చెప్పాలి కదా అంది పోచవ్వ. నవ్య ఒక నీటి గుర్రాన్ని తీసి, దగ్గరగా ఉన్న పెద్దన్నకు చూపించింది.

"దీని పేరేంది?"

ఆయన తడబడ్డాడు. అది ఏం జంతువో కూడా తెలియదు పాపం.

"నర్సయ్య" అని తన పేరే చెప్పాడు.

నవ్య దాని చెవి దగ్గర నోరు పెట్టి "నర్సయ్య" అంది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది మా అన్నే. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ప్రతివాళ్లూ పేరు చెబుతామని మీద పడ్డారు. లైన్ల రాండ్రి, పిల్లకు ఊపిరాడనియ్యుండ్రి అని కసిరింది కూడా ఆయనే.

ఏనుగుకు నా పేరు పెట్టమని బతిమాలాను.

"దీనికున్నది" అంది. ఏమిటో చెప్పలేదు.

సాయంత్రం శ్రీలత ఖాళీ బ్యాగు ఉతికి తీగ మీద ఆరేసింది. నవ్య దాని కిందే ఆడుకుంది. తల ఎత్తి చూడలేదు.

27 జూన్. పొద్దున ఆరు

రానివాళ్లకు ఫోన్లు చేసి, ఎవరి పేరు దేనికి పెట్టామో చెప్పాలి.

రాయికల్ మేనకోడలు శ్రీవాణి: తాబేలు.

భీవండి బావమరిది వినోద్: కుందేలు. పొట్టి చెవి సంగతి చెప్పొద్దు.

గొల్లపల్లి వదిన నీల: నెమలి. బాతు అని అసలే చెప్పొద్దు.

ప్రకాశ్: చుట్టం కాదు. అయినా జిరాఫీ.

శిశుగృహ ఆయమ్మ: ఏనుగు. ఆ పేరు మేం పెట్టలేదు, రాత్రి నవ్యే నా చెవిలో చెప్పింది. అందరికంటే ముందు ఆమెకే చెప్పాలి.