వీపు వెనక చెయ్యి

ఒసేయ్ మొండీ,

ఫోనెత్తవు, మెసేజి చూడవు. అందుకే ఈ ఉత్తరం మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. మోకాలి ఆపరేషనయ్యాక ఇక టెన్నిస్ ఆడలేవని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి నువ్వు గది దాటడం లేదట. "పలకరిస్తే కసురుతోందమ్మా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అని ఆవిడ ఒకటే ఏడుపు.

నిన్న మీ వీధిలో నిలబడి గొంతు చించుకున్నాను. పై కిటికీలోంచి చూశావు, చూసి వీపు తిప్పేశావు. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

అన్నట్టు, నేనూ ఆట మానేశాను. నీ వల్ల కాదులే, భుజం నొప్పి. ఏ భుజమని మాత్రం అడక్కు.

మన డబుల్స్ గుర్తుందా? నేను వెనక నుంచి సర్వ్ చేస్తుంటే, నువ్వు నెట్ దగ్గర నిలబడి, అవతలి వాళ్ళకి కనపడకుండా వీపు వెనక చేత్తో సైగ చేసేదానివి. పిడికిలి బిగిస్తే ఎవరి చోట వాళ్ళం ఉండాలి. చెయ్యి తెరిస్తే నువ్వు నా వైపుకి దూకుతావు, నువ్వు వదిలిన చోటు నేను చూసుకోవాలి.

రేపు సాయంత్రం మళ్ళీ ఆ కిటికీ కిందే ఉంటాను. వీపు తిప్పుకున్నా ఫర్వాలేదు, ఇన్నేళ్ళూ దాన్ని చూసేగా ఆడాను. పిడికిలి చూపిస్తే నోరు మూసుకుని ఇంటికి పోయి, ఎల్లుండి మళ్ళీ వస్తాను. చెయ్యి తెరిస్తే మెట్లెక్కి వచ్చేస్తాను.

ఏ సైగా చెయ్యకుండా మాత్రం ఉండకే. ఎటు పరిగెత్తాలో నాకు తెలియదు.

ఎప్పుడూ నీ వెనక నిలబడేదాన్ని