శుక్రవారం చేతికి రాని తాళాలు

నాన్నా,
ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. నూజివీడులో కొన్న ఇంట్లో దిగాం, కానీ దిగడమే పెద్ద తతంగమైంది. శుక్రవారం పొద్దున పాలు పొంగించడానికి సామాను ఆటోతో సహా వెళ్లేసరికి, ఇల్లు అమ్మిన సుబ్బరత్నమ్మగారు తాళాలు కొంగున ముడేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"శుక్రవారం పూట ఇంటి లక్ష్మిని నా చేత్తో ఇవ్వలేనమ్మా. రేపు తీసుకోండి" అన్నారు.

"రిజిస్ట్రేషన్ అయిపోయింది కదండీ, ముహూర్తం దాటిపోతోంది" అని నీ అల్లుడు గొంతు పెంచాడు.

నేనే ఆపి, "తాళాలు ఇవ్వద్దులెండి పిన్నిగారూ. తలుపు మీరే తీసి, పాలు కూడా మీరే పొంగించండి" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. పాలు పొంగించి, పరమాన్నం వండి పెట్టి, ఆ రాత్రి మా ఇంట్లో మమ్మల్నే చుట్టాల్లా చూసుకున్నారు. శనివారం తాళాలు నా చేతిలో పెట్టి, జి. కొండూరు దగ్గర తోటలో కట్టుకున్న కొత్తింటికి వెళ్లారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పెద్ద జాడీ ఖాళీగా ఉందా? ఇక్కడ మా పెరట్లో మామిడి చెట్టుకి ఆవకాయ కాయ బోలెడుంది. చిన్నాన్న వాళ్లని అడిగానని చెప్పు.

ఆవిడ మీద నాకు కోపమెందుకు రాలేదంటావా? పెళ్లయిన కొత్తలో అత్తారింటికి బయల్దేరుతుంటే, శుక్రవారమని నువ్వు నన్ను ఒక రోజు ఆపేయలేదూ! జాడీ తీసుకుని నువ్వూ అమ్మా గురువారమే రండి. మర్నాడు నా ఇంట్లోంచి ఎవర్నీ పంపను.

నీ కూతురు,
నాగమణి