కళ్ల కింది నలుపు

మంగళవారం

నదిల దొరికిన శవాన్ని చూసి నేను గీసిన ముఖాన్ని ఇయ్యాల పోలీస్ స్టేషన్ల దుర్గాపూర్ నుంచొచ్చిన ఒకామెకు చూపించిండ్రు. బొగ్గు గనిల పనిచేసే ఆమె పెనిమిటి కనవడ్తలేడు. మస్తుసేపు చూసి, "మా ఆయన కాదు సార్" అని నవ్వింది. పాణం లేచొచ్చినట్టున్నది, పోదామని చెప్పులేసుకుంటున్నది.

గప్పుడు మా బాపు యాదికొచ్చిండు. ఆయన గూడ గనిలనే చేసిండు. ఎంత కడుక్కున్నా కనురెప్పల అంచుకు బొగ్గు కాటుక లెక్క ఉంటుండె. నీళ్లల్ల నానిన శవానికి అది లేదు, నేను గియ్యలే.

"జర ఆగక్కా" అని పెన్సిల్‌తోని ఆ నలుపు దిద్దిన.

మళ్లొచ్చి చూసింది. అక్కడ్నే కూలవడ్డది.

పోలీసాయన నా భుజం తట్టి "శాబాస్" అన్నడు.

నేను ఆగుమనకపోతే ఆమె ఇయ్యాలొక్కనాడన్న నవ్వుకుంట ఇంటికి పోతుండె.