తిన్నాక చెబుదామనుకున్న కబురు

మిక్ అంకుల్,

ఐర్లండ్‌లోని మీ ఊరి వారపత్రిక ఇవాళ కూడా వచ్చింది. పైన అడ్రసులో మీ పేరు. లోపల చావుల పేజీలో కూడా మీ పేరే. ఇక్కడి మీ చర్చి ఫాదర్ పత్రికకు కబురు పంపారట.

ఈ దేశానికి చదువుకోవడానికొచ్చి, ఈ వెర్రిబీ ఊళ్ళో మీ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నప్పటి నుంచి, ప్రతి మంగళవారం యూనివర్సిటీ నుంచి రాగానే మీకది చదివిపెట్టేదాన్ని. చూపు పోయినా మీకు ముందు చావుల పేజీయే కావాలి, ఆ తర్వాతే సంతలో పశువుల ధరలు. "మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగేవారు.

పోయిన నెల ఉన్నారు. మీ అక్క బ్రిడీ, మీకు మిగిలిన ఒక్క మనిషి. అప్పటికి మీరింకా భోంచెయ్యలేదు. మా గుంటూరులో ఖాళీ కడుపు మీద చావు కబురు చెప్పరు. "ఎవరూ లేరంకుల్" అనేశాను. మీరు సూపు రెండు చెంచాలు తాగి పడుకున్నారు. రేపు కడుపునిండా తిన్నాక చెబుదామనుకున్నాను. మీరు మళ్ళీ కడుపునిండా తిననే లేదు. నేనేం చెయ్యను?

ఇవాళ పోయిన నెలదీ, ఇప్పుడొచ్చినదీ రెండు పేపర్లూ పట్టుకుని మీ కుర్చీ ఎదురుగా కూర్చున్నాను. ఒక్క పేరూ వదలకుండా పైకే చదివాను.

ఉన్నారంకుల్. మనవాళ్ళు ఇద్దరున్నారు.