ఈసారి ఫడ్జ్ మీరే చేసుకోండి

శ్రీవారికి నమస్కారాలు.

మీ ఉత్తరమూ, ఖాళీ స్టీలు డబ్బానూ నిన్న పొద్దున లారీ డ్రైవరు గుమ్మంలో ఇచ్చి వెళ్ళాడు. అత్తయ్య కులాసా. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయట, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. అమ్మాయికి పరీక్షలు అయిపోయాయి. ఇప్పుడు పగలు పన్నెండింటికి లేచి, అదే తెల్లవారుజామని మాతో వాదిస్తోంది. మీరు ఆ కొండగాలిలో చెవులకు గుడ్డ కట్టుకునే తిరుగుతున్నారని నమ్ముతాను.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. బాత్రూము కుళాయికి ప్లంబరు వాషరు మార్చాడు. అయినా కారింది. మళ్ళీ పిలిపించి కుళాయే మార్పించాను. మీ నల్ల స్వెట్టరు మోచేతి దగ్గర అల్లి ఈ మూటలో పెట్టాను. అమ్మాయికి పై చదువు కాలేజీ హాస్టల్లో చోటు దొరికింది. ఇక, "స్టవ్ మానేసి అన్నీ ఆ మైక్రోవేవ్ పెట్టెలోనే వండుతున్నావట, ఏమిటీ కొత్త మోజు?" అని అడిగారు. దానికి జవాబు కొంచెం కింద రాస్తాను.

అసలు సంగతి మీ పైఅధికారి పెద్దసారు మాట. మీ క్యాంపు మెస్సు చూసుకునే ఆయన ఈ నెలతో మానేస్తున్నాడనీ, ఆ పని నాకే ఇస్తామన్నారనీ, ఉండడానికి రెండు గదుల క్వార్టరు కూడా ఇస్తారనీ, అత్తయ్య కూడా రావచ్చనీ రాశారు. "ఈ లారీలోనే అవుననో కాదనో జవాబు పంపు" అన్నారు. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో. మన పెళ్ళయినప్పటి నుంచీ మీరు సొరంగాలు తవ్వే చోటా, నేను ఇక్కడా. మీరు వచ్చినప్పుడల్లా అతిథి వచ్చినట్టు మంచి దుప్పటి తీస్తాను. మీరు వెళ్ళాక మడిచి లోపల పెడతాను. ఒకే ఇంట్లో రోజూ ఉంటే మీకు పొద్దున కాఫీ ఎన్నింటికి కావాలో కూడా నాకు సరిగ్గా తెలియదు.

పెద్దసారుకు ఆ ఆలోచన నా చాక్లెట్ ఫడ్జ్ తిన్నాకే వచ్చిందని రాశారు. అది నేను వర్షాల తర్వాత పంపిన మొదటి డబ్బా. "ముక్కలన్నీ కొలబద్ద పెట్టి కోసినట్టున్నాయి, రుచి ఒక్క ముక్కలోనూ తేడా లేదు, ఇలాంటి మనిషి మెస్సులో ఉండాలి" అన్నారట. చదువుకుని పొంగిపోయాను. మరుక్షణం నా మనసు మళ్ళీ కిందికి దిగిపోయింది. ఎందుకో చెబుతాను.

ముందు రెండో డబ్బా సంగతి. "నువ్వు పంపింది మిఠాయా, నీ పట్టుచీరా? మూత తీస్తే బీరువా తలుపు తీసినట్టుంది" అని రాశారు. అమ్మాయి పైకి చదివితే అత్తయ్య కళ్ళజోడు జారేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, పడకగదిలోకి వెళ్ళి బీరువా తీశాను.

ఫడ్జ్ పోసే పళ్ళెంలో అడుగున బటర్ పేపర్ పరుస్తాను. ఆ చుట్ట వంటింట్లో ఉంటే నూనె చేతులు తగిలి మరకలవుతోందని, మొదటి డబ్బా పంపాక, ముందుగానే పళ్ళెం కొలతకు కత్తిరించి, మడత పడకుండా చీరల మధ్య పెట్టుకున్నాను. శుభ్రంగా ఉంటుంది, కావలసినప్పుడు ఒక కాగితం లాగితే చాలు. ఆ అరలోనే కలరా ఉండలు ఉన్నాయి. వేసింది కూడా నేనే. ఒక కాగితం తీసి అమ్మాయి ముందుకు చాచాను.

"ఇది చూడవే, ఏమైనా వాసనొస్తోందా?"

దూరం నుంచే మొహం తిప్పేసుకుంది. "ఛీ! కలరా ఉండలు. గదంతా కొడుతోంది కదమ్మా, నీకు తెలీట్లేదా?"

"జలుబు చేసింది."

"ఎప్పుడు చూడు జలుబే. వానలప్పటి జలుబు ఇంకా తగ్గలేదా?"

రెండో డబ్బా ఫడ్జ్ చేసిన రోజు అమ్మాయి పరీక్షకు వెళ్ళింది, అత్తయ్యేమో వదిన ఇంట్లో ఉన్నారు. గుమ్మంలో లారీ హారను కొడుతుంటే, ముక్కలు కోసి నేరుగా డబ్బాలో సర్ది మూత పెట్టేశాను. ఇంట్లో ఇంకొక ముక్కు ఉంటే ఆ డబ్బా గడప దాటేది కాదు. మీరు ఒక ముక్క తిని మిగతావి పారబోశారట, మంచి పని చేశారు. ఆ ఉండలు విషం. మీకు కడుపులో ఏ ఇబ్బందీ కాలేదని రాసిన వాక్యం చూశాకే నాకు ఊపిరి ఆడింది.

మొదట్లో అందరి క్షేమమూ రాశాను, నా గురించి రాయలేదు. మీరు గమనించి ఉండరు. ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదవండి.

వర్షాలప్పుడు నాకు జ్వరం వచ్చిందని మీకు తెలుసు. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. దేని వాసనా తెలియదు. నాలుకకు తీపి, ఉప్పు, పులుపు, చేదు తెలుస్తున్నాయి. మిగతాదంతా ముక్కు చేసే పనట, చెవి ముక్కు డాక్టరు చెబితే తెలిసింది. చాక్లెట్ నోట్లో పెట్టుకుంటే తియ్యటి మైనం నమిలినట్టుంటుంది. నరం దెబ్బతిందట, రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. రోజూ పొద్దునా సాయంత్రం నిమ్మతొక్క, లవంగం, కాఫీపొడి, సబ్బు ఒకదాని తర్వాత ఒకటి పీల్చమన్నారు. పీలుస్తున్నాను. ఖాళీ సీసా మూత తీసి పీల్చినట్టే ఉంటోంది. మీ స్వెట్టరు ఉతికే ముందు మొహానికి ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాను. ఉన్ని గుచ్చుకుంది, అంతే.

పెద్దసారు మెచ్చుకున్న ఆ మొదటి ఫడ్జ్ కూడా నేను రుచి తెలియకుండా చేసిందే. నా వంటంతా కొలతల మీద నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. మీకు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. రేపో ఎల్లుండో తిరిగొస్తుంది, అనవసరంగా మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకు అనుకున్నాను. అలా అనుకుంటూ కాలం గడిచిపోయింది.

ఇప్పుడు స్టవ్ సంగతి. ఒక ఉదయం గ్యాస్ మీట తిప్పాను. అంటించేలోపే ఎవరో బెల్లు కొడితే వెళ్ళి, కొరియర్ కాగితం మీద సంతకం పెట్టి వచ్చాను. మీట తిప్పిన సంగతి మరిచిపోయి లైటరు చేతిలోకి తీసుకున్నాను. అత్తయ్య వరండాలోంచి ఆ మోకాళ్ళతో ఎలా పరుగెత్తుకొచ్చారో తెలియదు, చేతికర్రతో నా చేతి మీద ఒక్కటి వేశారు. లైటరు సింకులో పడింది.

"చంపుతావా ఏంటే అందర్నీ? వీధి దాకా కంపు కొడుతుంటే నీకు తెలీట్లేదూ?"

"ఏదో ఆలోచనలో ఉన్నానత్తయ్యా."

"ఏంటా ఆలోచన? మా వాడి గురించేనా? వాడి గురించి ఆలోచించేవాళ్ళెవరూ కొంప తగలెట్టుకోరు!"

ఆ రోజు నుంచి నేను స్టవ్ ముట్టుకోలేదు. మోజు కాదండీ, భయం. మైక్రోవేవ్‌లో మంట లేదు, గంట కొట్టి తనే ఆగిపోతుంది.

నిన్న మీ ఉత్తరం చదివాక ఇక దాచలేక అత్తయ్యకు చెప్పాను. తిడతారనుకున్నాను. కర్ర గోడకు ఆనించి, నా పక్కన మంచం మీద కూర్చున్నారు.

"ఇదేదీ వాడికి రాయకు. లక్షణంగా వస్తున్నానని రాసి పారెయ్" అన్నారు.

"రేపు అక్కడ పాలు విరిగితే?"

"విరిగితే కంటికి కనపడవూ?"

"మాంసం పాడైతే కంటికి కనపడదు కదత్తయ్యా."

"నేనొస్తాగా. గిన్నెలన్నీ నేను వాసన చూస్తా. జీతం కూడా అడగను."

"మధ్యాహ్నం మీరు నిద్రపోతారు కదా."

"ఆ టైములో చెడిపోవద్దని వాటికి చెప్పు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "మీ మామయ్యా ఇలాగే ఊళ్ళు పట్టుకు తిరిగారే. రిటైరై ఇంటికొచ్చాక ఒకళ్ళతో ఒకళ్ళం ఏం మాట్లాడుకోవాలో మాకు తెలీలేదు. ఆయన పేపరు చదివేవారు, నేను కూరలు తరిగేదాన్ని. నీకలా కాకూడదు" అన్నారు. ఆ మాటతో, రాకూడదన్న నా నిర్ణయం సగం కదిలిపోయింది. సరే అని ఒక ఉత్తరం రాశాను కూడా. పొద్దున లేచి చదువుకుని చింపేశాను.

మీ మెస్సులో అరవై మంది తింటారు. మీ నోట్లోకి వెళ్ళిన ముక్క గురించి మీరు కాబట్టి హాస్యంగా రాశారు. రేపు ఇంకేదైనా ఇంకెవరి నోట్లోకైనా వెళితే, మీరు నవ్వలేరు, నేను తల ఎత్తలేను. అక్కడివి పెద్ద పెద్ద గ్యాస్ పొయ్యిలని మీరే ఒకసారి చెప్పారు.

అందుకని మీరొక పని చేయాలి. ఆ రెండో డబ్బా లారీలో వేడికి చెడిపోయిందని పెద్దసారుకు చెప్పి నన్ను వెనకేసుకొచ్చానని రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను కాగితాలు ఎక్కడ పెట్టుకున్నానో, అది నాకెందుకు తెలియలేదో ఉన్నదున్నట్టు చెప్పండి. స్టోరు చూడడం, సరుకు తూచి ఇవ్వడం, ఏ పూటకు ఏం వండాలో పురమాయించడం నేను చేయగలను. పొయ్యి దగ్గర నిలబడి వాసన పట్టే మనిషి మాత్రం వేరే ఉండాలి. దానికి ఆయన ఒప్పుకుంటే వస్తాను. ఒప్పుకోకపోతే మీరు బతిమాలొద్దు, కోపం తెచ్చుకోవద్దు. ఒప్పుకోరేమోనని నాకు చాలా భయంగా ఉంది. ఆ రెండు గదుల్లో ఏ సామాను ఎక్కడ పెట్టాలో మనసులో అప్పుడే సర్దేసుకున్నాను మరి.

ఈసారి ఫడ్జ్ పంపడం లేదు. ఇంట్లో చేసినది అమ్మాయి వాసన చూసి బాగుందన్నా, మూత పెట్టడానికి నాకు చేతులు రాలేదు. బదులుగా సరుకు పంపుతున్నాను. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, తూచి కట్టిన చాక్లెట్ ముక్కలు, వెన్న, చిటికెడు ఉప్పు పొట్లం, కొత్తగా కొన్న బటర్ పేపర్. మీ ఆఫీసు గదిలో మైక్రోవేవ్ ఉందన్నారు కదా. గాజు గిన్నె తడి లేకుండా తుడవండి, చుక్క నీళ్ళు పడినా చాక్లెట్ బిగుసుకుపోతుంది. ఉప్పు తప్ప అన్నీ గిన్నెలో వేసి అర నిమిషం పెట్టండి, తీసి కలపండి, మళ్ళీ అర నిమిషం. మీకు ఓపిక తక్కువ కాబట్టి చెబుతున్నాను, ఒకేసారి మూడు నిమిషాలు పెట్టేయకండి, అడుగు మాడి నూనె పైకి తేలుతుంది. ముక్కలు పూర్తిగా కరగకముందే ఆపేసి కలుపుతూ ఉంటే మిగతావి ఆ వేడికే కరుగుతాయి. గరిటె ఎత్తితే రిబ్బన్‌లా జారాలి. అప్పుడు ఉప్పు వేసి, కాగితం పరిచిన పళ్ళెంలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టిపడ్డాక కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడిచి కోయండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు.

ఒక ముక్క నోట్లో పెట్టుకుని, తొందరపడకుండా తిని, ఎలా ఉందో నాకు రాయండి. బాగుందని ఒక్క మాటలో తేల్చేస్తే ఊరుకోను. ముక్క నోటి దగ్గరికి తేగానే ఏం తగిలింది, నాలుక మీద కరుగుతుంటే ఏం మారింది, మింగాక ముక్కులో ఏం మిగిలింది, అన్నీ రాయండి. తీపి గురించి మాత్రం రాయక్కర్లేదు. అది నాకింకా తెలుస్తూనే ఉంది.

ఇట్లు,
మీ ఇంటావిడ